నిమ్మకాయంత వాన చినుకు

నాకు కార్లు తయారుచేసే పిచ్చి ఉంది. జానెడు పొడుగు కార్లు. అసలు కారులో పద్దెనిమిదో వంతు. ప్లాస్టిక్ షీటు కత్తిరించి, అతికించి, గరుకు కాగితంతో రుద్ది, పుట్టీ పెట్టి, మళ్లీ రుద్ది, రంగు కొట్టి, ఆ కొత్త రంగు మీద కావాలని తుప్పూ దుమ్మూ పూసి పాతబరచడం నా పని. బ్యాంకులో నా వెనకాల "సత్యవేణి మేడమ్ బొమ్మ కార్లు చేస్తారు" అని చెప్పుకుంటారట. బొమ్మ అన్నవాళ్లతో నేను ఆ పూట మాట్లాడను. బొమ్మ కారు తలుపు తీస్తే లోపల ఏమీ ఉండదు. నా కారు తలుపు తీస్తే సీటు చిరుగులోంచి పీచు కనిపిస్తుంది.

ఈ పిచ్చిలో నాకు తోడు ఒక్కడే, జయప్రకాశ్. బెంగాల్లో గంగ ఒడ్డున బడ్జ్ బడ్జ్‌లో, జూట్ మిల్లు కూలీల ఇళ్ల లైన్లలో మా పక్కింటివాడు. మా తాతలూ వాళ్ల తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో వచ్చారని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. తోడబుట్టకపోయినా వాడికి నేను అక్కనే, నాకు వాడు తమ్ముడే. నేను పెళ్లయి, ఉద్యోగమొచ్చి, భర్త పోయి, ఇప్పుడు న్యూ టౌన్‌లో పదకొండో అంతస్తులో మా అమ్మాయి ధాత్రితో ఉంటున్నాను. వాడు అక్కడే ఉండిపోయాడు, ఆయిల్ డిపోలో సూపర్‌వైజరు. ఆదివారం వచ్చాడంటే భోజనాల బల్ల మాది కాదు. పేపర్లు పరిచి ఇద్దరం కూర్చుంటే ధాత్రి పళ్లెం ఒళ్లో పెట్టుకుని తినాల్సిందే.

ఈ పని వాడికి నేర్పింది నేనే. కొలత తీయడంలో, రంగు కలపడంలో ఇప్పటికీ నాదే పైచేయి. మురికి పూయడంలో మాత్రం వాడు నన్ను దాటిపోయాడు. ఒకసారి నేను చేసిన కారు బానెట్ మీద వాడు కాకి రెట్ట వేసి పెడితే, తడిగుడ్డ తెచ్చి తుడవబోయాను. ఆ వేళ వాడు నవ్విన నవ్వు కింద అంతస్తు దాకా వినిపించి ఉంటుంది.

ఇక అసలు కారు సంగతి. మా నాన్న శ్రీనివాసరావు మిల్లు టైమాఫీసులో గుమస్తా. ఎవరో సాహెబు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న లేత నీలం అంబాసిడర్ ఆయన ఏకైక భోగం. భోగమని పేరుకే గానీ ఆ కారు మా లైన్లందరిదీ. పురుడొస్తే ఆ కారు, పెళ్లికొడుకు రావాలంటే ఆ కారు, అమ్మవారి గుడికి ఆ కారు. జయప్రకాశ్ చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే ఆస్పత్రికి వెళ్లిందీ దాన్లోనే. లైన్లో మగపిల్లలందరికీ నాన్న అందులోనే డ్రైవింగు నేర్పాడు, జయప్రకాశ్‌తో సహా. నేనడిగితే మాత్రం, "నువ్వు రాణీలాగ వెనక కూకో తల్లీ," అనేవాడు. రాణీలాగే కూర్చున్నాను. కూర్చుని, గేరు ఎప్పుడు మారుస్తున్నాడో, క్లచ్ ఎంత తొక్కుతున్నాడో ఆయన భుజం మీంచి చూసి నేర్చుకున్నాను.

నాన్న పోయాక కారు నాకు వచ్చింది. పెట్టుకోవడానికి చోటు రాలేదు. మా అపార్ట్‌మెంటు కార్యదర్శి ఒక్కసారి చూసి, "దీదీ, ఎటా తో కబాడ్," తుక్కు కదా ఇది అన్నాడు. ఆయనతో దెబ్బలాట పెట్టుకుని ఓడిపోయాను. అప్పుడు జయప్రకాశ్ వాళ్ల ఇంటి పక్క షెడ్డు ఖాళీ చేసి ఇచ్చాడు.

"ఎన్నాళ్లయినా ఉండనీ అక్కా. పెదనాన్న కారు నాది కాదేటి?" అన్నాడు.

నా లెక్క ఒక్కటే. వచ్చే జనవరిలో రిటైరవుతాను. ఆ కారును బాగుచేయించి, కాగితాలు సరిచేయించి, వెనక సీటు ఖాళీగా ఉంచి, ముందు సీట్లో నేను కూర్చుని గంగ ఒడ్డున నడపాలి. బ్యాంకులో ఎవరు "రిటైరయ్యాక ఏం చేస్తారు మేడమ్" అని అడిగినా నాకు కనిపించేది ఆ స్టీరింగే. డ్రైవింగు స్కూల్లో చేరి, నా వయసులో సగం లేనివాళ్ల మధ్య కూర్చుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. ఆశ అంటే అంత ఆశ.

రెండేళ్ల కిందట, దుర్గా పూజలు దగ్గరపడుతుండగా, జయప్రకాశ్ ఒక ఆదివారం వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు గానీ పనిముట్టు ముట్టుకోలేదు.

"అక్కా, నాకొకటి చేసిపెట్టవా? పెదనాన్న కారు. మోడల్."

"అసలు కారు నీ షెడ్డులోనే ఉంది కదరా, మోడలెందుకు?"

"రిటైరైతే నువ్వు అసల్ది పట్టుకుపోతావు. మరి నాకేటి మిగులుతాది?"

ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వెధవకి ఎంత ప్రేమ అనుకున్నాను. వాడు అన్నీ సిద్ధం చేసుకునే వచ్చాడు. బంపరు నుంచి బంపరు దాకా కొలతలు, అన్ని వైపుల నుంచీ ఫొటోలు, అడుగు భాగంతో సహా. రంగు సరిపోల్చుకోమని కాగితంలో చుట్టి అరంగుళం రేకు ముక్క కూడా ఇచ్చాడు. ఒకవైపు నాన్న నీలం, అంచులు నల్లగా. ఎక్కడిదిరా అంటే, "కింద తుప్పట్టి రాలిపోనాది అక్కా," అన్నాడు.

ఏడాది పట్టింది. బ్యాంకు నుంచి వచ్చి కూర్చుంటే ధాత్రి పిలిచే దాకా లేచేదాన్ని కాదు. బంపరు పైనుండే ముందు జాలీ ఒక్కదాన్నే మూడుసార్లు చేసి విరగ్గొట్టాను. ఆ నీలం కోసం ఆరు సీసాల రంగు పాడుచేశాను. నాన్న అద్దానికి వేలాడదీసిన అప్పన్న స్వామి పటం మినపగింజంత చేసి పెట్టాను. చివరికి వాడి చేతిలో పెట్టాను. వాడు వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. నేను సిగ్గుపడి చావగొట్టబోయాను.

అప్పటి నుంచి నెల తిరిగేసరికి ఫోనుకి కారు ఫొటో వచ్చేది. షెడ్డు ముందు నిలబెట్టిన కారు, ఉదయపు ఎండలో కారు, టైరులో గాలి తగ్గిన కారు. కింద ఒక ముక్క: "ఈ రోజు స్టార్ట్ చేశాను, గొంతు బాగుంది." వాయిస్ మెసేజీలో ఇంజను చప్పుడు కూడా పంపేవాడు. వాడు మోడల్ అడగక ముందు నేను రెండు నెలలకోసారి వెళ్లి అసలు కారు చూసి వచ్చేదాన్ని. ఆ ఏడే మోకాలికి ఆపరేషన్ అయింది, ఆ తర్వాత సియాల్దా స్టేషనుకి వెళ్లి లోకల్ రైలు ఎక్కడం నా వల్ల కాలేదు. వెళ్తానంటే వాడే వద్దనేవాడు. ఫొటోలు ఉన్నాయి కదా అని నేనూ ఊరుకునేదాన్ని. ఒక ఫొటోను ధాత్రి పెద్దది చేయించి హాల్లో తగిలించింది.

ఈ జూలైలో మెకానిక్కుని కుదుర్చుకున్నాను. శ్యామల్‌దా అని, పాత అంబాసిడర్లంటే ప్రాణం పెట్టే మనిషి. జయప్రకాశ్‌కి ఫోన్ చేసి శనివారం ఇద్దరం వస్తున్నామన్నాను.

"ఈ వానల్లోనేటి అక్కా? సందంతా నీళ్లు. పూజలయ్యాక చూద్దాం."

"నీళ్లుంటే కారు తడవదూ? అందుకే వస్తున్నాను."

"ఏటీ కాలేదు. ఉండు, ఫొటో పెడతాను, నువ్వే చూడు."

మర్నాడు ఫొటో వచ్చింది. వాన వెలిసిన షెడ్డు ముందు నాన్న కారు. నేల మీద నీళ్లు, నీళ్లలో ఆకాశం, నీలం బానెట్ నిండా చినుకులు. ఎంత అందంగా ఉందంటే, బ్యాంకులో పక్క కౌంటరు అమ్మాయిని పిలిచి చూపించాను. చూపించడానికే పెద్దది చేశాను. పెద్దది చేస్తే బానెట్ మీది బొట్టు కనిపించింది.

ఇక్కడ మా పనిలోని ఒక మాట చెప్పాలి. కారును చిన్నది చెయ్యవచ్చు, తుప్పును చిన్నది చెయ్యవచ్చు, కాకి రెట్టనీ చెయ్యవచ్చు. నీటిని చెయ్యలేం. నీటి బొట్టు ఎక్కడ పడినా బొట్టంతే ఉంటుంది. అందుకే మోడల్ మీద వాన చూపించాలంటే వార్నిషుతో సూది మొన పెట్టి చుక్కలు వేస్తాం, నిజం నీళ్లు చల్లం. మొదటి పాఠం అది. బానెట్ ముక్కు మీద కంపెనీ చిహ్నం ఉంటుంది, దాని పక్కనే ఉన్న బొట్టు దానికన్నా లావుగా ఉంది. ఆ లెక్కన అసలు కారు మీద పడిన చినుకు నిమ్మకాయంత ఉండాలి. బడ్జ్ బడ్జ్‌లో నిమ్మకాయంత చినుకులు పడవు.

నేను ఫోను బోర్లా పెట్టేశాను. ఆ అమ్మాయి, "మేడమ్, కారు చాలా బాగుంది," అంది. తర్వాత పాత ఫొటోలన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. తెలిశాక ప్రతిదాన్లోనూ నా చెయ్యి కనిపిస్తోంది. నేను మూడోసారి చేసిన జాలీ. నేను మినపగింజంత చేసిన పటం. ఇన్ని నెలలుగా నా పనిని నేనే గుర్తుపట్టలేదు. మన వేలితో మన కన్నే పొడవడమంటే వినడమే గానీ, పొడిపించుకోవడం అదే మొదలు.

సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, కుంటుకుంటూ లోకల్ ఎక్కాను. దారి పొడవునా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మోడల్‌ను ఫొటో తీస్తే తీశాడు, సరదా. అసలు కారు లోపల ఉందేమో, తియ్యడానికి బద్ధకించాడేమో.

తలుపు తీసింది వాడి భార్య అప్పలలక్ష్మి. "ఏటక్కా, ఒక్క మాట సెప్పీసి రావొద్దా? మోకాలెలాగుంది? కూకో, టీ ఎట్టీస్తాను," అంటూ లోపలికి లాగింది. నేను కూర్చోకుండా పక్కనున్న షెడ్డు వైపు నడిచాను. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల కప్పు దాకా పిల్లల ఫ్రాకుల కట్టలు. గులాబీ రంగువి, జరీ అంచులవి.

"మెటియాబ్రుజ్‌లో దర్జీలవి అక్కా. అద్దెకిచ్చీసినాం," అంది లక్ష్మి వెనక నుంచి. "కారు తీసీసినాక ఖాళీయే గదా."

"ఎప్పుడు తీసేశారు?"

ఆమె నా ముఖం వింతగా చూసింది. "నువ్వే గదా ఇచ్చీమన్నావు? ఆయనలాగే సెప్పినారు. ముందటేడు పూజల ముందు. తుక్కువోళ్లొచ్చి ఈ వాకిట్లోనే గేసు మంటతో ముక్కలు కోసీసినారు. నాను సూళ్లేక లోపలికెళ్లిపోనాను. ఈయనైతే ఆ పొద్దల్లా టేపట్టుకుని కొలుస్తానే ఉన్నారు, పాపం."

షట్టరు పట్టుకుని నిలబడ్డాను. అరంగుళం రేకు ముక్క, నల్లటి అంచులు. తుప్పు పట్టి రాలిన రేకుకి అంచులు నల్లగా మాడవు. ఆ పాటి తెలియనిదాన్ని కాను. వాడు నా బల్ల దగ్గర కూర్చుని "నాకేటి మిగులుతాది" అన్న రోజుకి ఆ కారు లేదు. లేని కారును వాడి కోసం నేను ఏడాది పాటు కట్టాను, నన్ను మోసం చెయ్యడానికి పనికొచ్చేంత బాగా.

"ఎక్కడున్నాడు?"

"మేడ మీద. ఆ బొమ్మతోటే," అంది లక్ష్మి. ఆ పూట ఆ మాట నన్ను ఏమీ చెయ్యలేదు.

మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. మేడ మీద బల్ల వేసి ఉంది. బల్ల మీద కింది షెడ్డే, మోడల్‌గా. పగిలిన సిమెంటు నేల, పెచ్చులూడిన గోడ, గోడ మీద సగం చెరిగిన ఎన్నికల రాత, తుప్పుపట్టిన షట్టరు, షట్టరు కింద నాచు. దాని వెనక నిజం ఆకాశం. నా జన్మలో అంత మంచి పని నేను చూడలేదు, నేను చెయ్యలేదు. జయప్రకాశ్ చిన్న కుంచెతో కారు మీది తడి అద్దుతున్నాడు.

నన్ను చూసి కుంచె దించాడు. "బొట్లా?" అన్నాడు.

"బొట్లే."

"నాకూ అనుమానమొచ్చింది అక్కా. గ్లిజరిన్ కలిపి కూడా చూశాను, అదీ పెద్దదే వస్తంది. పంపకుండా ఉండాల్సింది. నువ్వు బయల్దేరిపోతావని తొందరపడీసాను."

వాడు మాట్లాడుతున్నది మా ఆదివారాల మాటే. ఎక్కడ తప్పిందో, ఇంకోసారి ఎలా చెయ్యాలో. అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. తెలుగు చాలక బెంగాలీలో కూడా తిట్టాను. పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ బకెట్టు పట్టుకుని కిందికి వెళ్లిపోయింది. వాడు తల వంచుకుని అన్నీ విన్నాడు.

"కారు నేల ఊడిపోయింది అక్కా. అడుగంతా తుప్పే. దర్జీలు షెడ్డు అడిగినారు. నీకు చెప్దామనే ఆ ఆదివారం వచ్చాను. నీ ముఖం చూసి చెప్పలేకపోయాను."

"ముఖం చూసి చెప్పలేనివాడు జేబులో కొలతలు పెట్టుకుని వస్తాడా?"

వాడు కుంచెను గుడ్డకి తుడవడం మొదలుపెట్టాడు.

"ఆ ఇంజను చప్పుడు?"

"ముందే రికార్డు చేసి పెట్టుకున్నాను."

"నాకు చెప్పి ఉంటే నేను కూడా వచ్చి నిలబడేదాన్ని కదరా! నాన్న పోయినప్పుడు నిలబడలేదూ? ఒక్కసారి దాని స్టీరింగు పట్టుకుని ఏడ్చేదాన్ని. అది కూడా నాకు లేకుండా చేశావు."

వాడి కళ్లు ఎర్రబడ్డాయి. "నీకోసమే అక్కా. కారు పోయినా నీకు పోకూడదనుకున్నాను. నువ్వే చెప్పు, ఈ రెండేళ్లూ సంతోషంగా ఉన్నావా, లేదా?"

ఉన్నాను. అదే నేను క్షమించలేకపోతున్నాను. ఫొటో వచ్చిన ప్రతిసారీ నేను బ్యాంకులో నలుగురికీ చూపించాను. లైసెన్సు తెచ్చుకున్నాను. మా నాన్న కారు నా కోసం ఎదురుచూస్తోందని నిద్రలో కూడా నమ్మాను. నమ్మించి గొంతు కోసేవాళ్లని చూశాను, బ్యాంకులో రోజూ వస్తారు. గొంతు కోసి, నొప్పి తెలియకుండా చేసినందుకు మెప్పు అడిగేవాణ్ణి చూడలేదు.

"అది ఇటివ్వు. అది నేను చేసింది, నాతో తీసుకెళ్తాను," అన్నాను.

వాడు రెండు చేతులతో తీసి ఇచ్చాడు. నేనిచ్చిన కారు కాదది. వాడి చేతిలో ముసలిదైంది. చక్రాల మీద బురద, డిక్కీ మూల తుప్పు పొడి. పక్కకి తిప్పితే ఎడమవైపు ముందు మడ్‌గార్డు నుంచి వెనక తలుపు దాకా పొడుగాటి గీత.

ఆ గీత నాకు తెలుసు. హాల్లో తగిలించిన ఫొటోలో ఉంది. అది తగిలించిన రోజు ధాత్రి దాని మీద వేలు పెట్టి, ఇదెలా పడింది అని అడిగింది. నేను చెప్పాను. అచ్చిపూర్ దగ్గర మలుపులో మేక అడ్డమొస్తే నాన్న కారును కంచెలోకి తిప్పేశాడని, ముళ్లకంప పక్కంతా గీరేసిందని, దిగి కారు సంగతి చూడకుండా మేక బతికిందా లేదా అని చూశాడని. నేను వెనక సీట్లోనే ఉన్నాను. వింటూ ధాత్రి ఏడ్చింది. తాతయ్యను అది సరిగ్గా చూడలేదు. ఆఫీసులో అందరికీ ఆ మేక కథ చెప్పుకుంది. ఈ గీతను నా మోడల్‌లో పెట్టకుండా వదిలేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

ఎంత కోపంలో ఉన్నా, దీన్ని మర్చిపోకుండా పెట్టాడే అనిపించింది. ఆ ఒక్కటైనా నాన్నది.

"ఈ గీత నీకు గుర్తుందా?" అన్నాను.

జయప్రకాశ్ ముఖం వికసించింది. నా గొంతు మెత్తబడిందనుకున్నాడు కాబోలు.

"అది నేను పెట్టిందే అక్కా. కారు మీద లేదు. ఎడమ పక్క మరీ ఖాళీగా కనిపించింది ఫొటోలో, అందుకని సూదితో గీసి, లోపల గోధుమరంగు పారించాను. బాగా కుదిరింది కదా?"

కారును బల్ల మీద పెట్టేసి మెట్ల వైపు నడిచాను. లక్ష్మి కింద టీ పట్టుకుని నిలబడింది, తీసుకోలేదు. నాన్న కారు పోయిందని ధాత్రితో చెప్పగలను. లేని గీతకు నేను చెప్పిన మేక సంగతి ఏమని చెప్పను? ఆ మలుపూ, ఆ కంప, మేకను ఒడిలోకి ఎత్తుకున్న నాన్న చేతులూ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తూనే ఉన్నాయి.